పాతిక నిమిషాలు వెనక నడిచే గడియారం

మొన్న అక్టోబరు చివరి ఆదివారం, ఐర్లాండులో ఎండాకాలానికి కలిపిన గంట తీసేసే రోజు, పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఫోన్లూ, టీవీ, బయట కారులో గడియారం, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే గంట వెనక్కి జరిగి కూర్చున్నాయి. వంటింటి గోడ మీది పాత కీ గడియారం ఒక్కటే కదల్లేదు. ఎండాకాలమంతా మాకు గంటా పాతిక నిమిషాలు వెనక నడిచి, ఆ రోజుతో మళ్లీ పాతిక నిమిషాల దూరానికి వచ్చింది. నిజానికి అది రాలేదు, మేమే దాని దగ్గరకి వెళ్లాం. దాన్ని చూస్తూ కాఫీ తాగుతుంటే, దాన్ని నాకిచ్చిన పెద్దాయన గుర్తొచ్చాడు.

మాది కాకినాడ. దేశం మొత్తానికి టైము చెప్పే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ మా ఊరి పక్కనుంచే పోతుందని సోషల్ మేష్టారు చెప్పినప్పుడు, అదేదో మేమే గీసినట్టు గర్వపడేవాళ్లం. అన్నవరం కొండెక్కినప్పుడల్లా మా మావయ్య అక్కడి నీడ గడియారం ముందు నిలబడి, తన చేతి గడియారంతో పోల్చుకుని, రెండూ ఇంచుమించు కలిశాయని తృప్తిగా తలాడించేవాడు. రేడియోలో వార్తల ముందు పిప్ పిప్‌మనే మోతలు వినిపించగానే గడియారం కీ తిప్పుకునే రోజులవి, మన తరం వాళ్లందరికీ తెలుసు. సూర్యుడొక టైమూ గడియారమొక టైమూ చెప్పే ఊళ్లుంటాయని నాకు అప్పట్లో తోచనే లేదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఇక్కడి షానన్‌లో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో కొలత సాధనాలు సరిచూసే ఉద్యోగం దొరికి వచ్చాం. తేడా వచ్చిన గేజిని పట్టుకుని సరిచెయ్యడమే నా పని. ఊరికి కాస్త అవతల, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇంట్లో మేడ మీది గదులు అద్దెకి తీసుకున్నాం. వంటిల్లు ఆయనకీ మాకూ కలిపి ఒకటే.

మార్చి నెలలో ఒక శుక్రవారం దిగాం. పదిన్నరకి రాహుకాలం వస్తుంది కనక మా ఆవిడ సామాను విప్పకముందే పాలు పొయ్యి మీద పెట్టి, గోడ గడియారంలో పదీ ఇరవై చూసి, పొంగించి, నిశ్చింతగా చెయ్యి తుడుచుకుంది. తరవాత నా చేతి గడియారం చూసింది. పదీ నలభై ఐదు.

“ఏవండీ, కొత్త ఇంట్లో రాహుకాలంలో పాలు పొంగించేశానండీ” అంది, కళ్లనీళ్లొక్కటే తక్కువ.

నేను కుర్చీ లాక్కుని గడియారం ముల్లు సరిచెయ్యబోతే పెద్దాయన గుమ్మంలోంచే చెయ్యి అడ్డుపెట్టాడు. “వదిలెయ్, అది గ్రాండ్‌గానే ఉంది” అన్నాడు, బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

ముందు మా ఆవిడ సంగతి చూడాలి. చిన్నప్పుడు మేష్టారు చెప్పిన భూగోళమూ, పాత పంచాంగాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్న లెక్కా అక్కరకొచ్చాయి. రాహుకాలం చూసేది సూర్యుణ్ణి, గోడని కాదు. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, గ్రీనిచ్‌కి తొమ్మిది డిగ్రీలు పడమరనున్న షానన్‌లో సూర్యుడు ముప్పై ఆరు నిమిషాలు ఆలస్యం. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు కనక వేరే సవరణ పెద్దగా అక్కర్లేదు. ఆ లెక్కన ఆవిడ పాలు పొంగించింది పదీ తొమ్మిదికి. రాహువు ఇంకా దారిలోనే ఉన్నాడన్నాను.

“మీ లెక్క కోసం రాహువు ఆగుతాడేంటి?” అని విసుక్కుంది కానీ, ఆ పూట రెండో కప్పు కాఫీ ఇచ్చింది. ఆ తరవాత చుట్టుపక్కల తెలుగువాళ్లంతా, “అంకుల్, మనకి ఇక్కడ రాహుకాలం ఎన్నింటికి?” అని నాకే ఫోన్ చేసేవారు.

గడియారం కథ పెద్దాయన తీరిగ్గా చెప్పాడు. అది వాళ్ల తాతగారిది, ఆయన రైలు స్టేషన్లో పోర్టరు. అప్పట్లో ఐర్లాండుకి సొంత టైము ఉండేది, డబ్లిన్ టైము, గ్రీనిచ్‌కి పాతిక నిమిషాలు వెనక. 1916 ఈస్టరుకి డబ్లిన్‌లో తిరుగుబాటు లేవడం, వారంలో అణిగిపోవడం, నాయకుల్ని కాల్చెయ్యడం అయ్యాక, ఆ ఏడే అక్టోబరులో అప్పట్లో ఈ దేశాన్ని ఏలుతున్న లండన్ వాళ్లు ఐర్లాండు టైముని తమ టైములో కలిపేశారు. ఎండాకాలపు గంట తీసేసే ఆ రోజున దేశమంతా ఆ పాతికా మినహాయించి ముల్లు ముప్పై ఐదు నిమిషాలే వెనక్కి తిప్పితే, తాతగారు మాత్రం పూర్తిగా గంట తిప్పేశాడు. ఆ పైన ఎవరినీ ముట్టనివ్వలేదు.

నన్ను ఆకట్టుకున్నది ఆ మొండితనం కాదు, దాని వెనకున్న శ్రద్ధ. మధ్యాహ్నం పన్నెండింటికి రేడియోలో ప్రార్థన గంటలు మోగగానే పెద్దాయన లేచి, ముల్లు ముప్పై ఐదు మీద ఉందో లేదో చూసేవాడు. ఒక నిమిషం అటో ఇటో పోతే సరిదిద్దేవాడు. ఫ్యాక్టరీలో మేము గేజి మీద చూపే భయభక్తులు ఆయన ఆ తప్పు టైము మీద చూపేవాడు. తన తరవాత దాన్ని ఎవరో ఒకరు సరిచేసేస్తారన్నదే ఆయన దిగులు. “నిన్నసలు నమ్మకూడదు. నీ ఉద్యోగమే అది” అని నవ్వేవాడు.

ఆ గడియారం పుణ్యమా అని సెలవు రోజుల్లో లైబ్రరీకి వెళ్లి యూరప్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఫ్రాన్సులో విప్లవం వచ్చినప్పుడు రాజుతోపాటు పాత గంటల్ని కూడా దింపేసి రోజుకి పదే గంటలని శాసించారట, జనం పట్టించుకోక కొద్దికాలానికే మానేశారట. రైళ్లూ ఫ్యాక్టరీలూ రాకముందు ఏ ఊరికి సూర్యుడు నడినెత్తికొస్తే ఆ ఊరికి అదే పన్నెండు, రైలు బండి వచ్చాకే ఊళ్లన్నీ ఒక ముల్లుకి కట్టుబడ్డాయట. మన బొంబాయి వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, దేశమంతా ఒక టైముకి వచ్చినా చాలా ఏళ్లు తమ టైము వదల్లేదు. ఇదంతా చదివాక నా లెక్కలో ఒక సంగతి తేలింది. అది పెద్దాయనకి చెప్పాలో వద్దో చాలాకాలం తేల్చుకోలేకపోయాను.

ఈలోగా ఆయనకి మోకాళ్లు పట్టేశాయి. కార్లో అనే ఊళ్లో ఉండే కూతురు తనతో తీసుకెళ్లడానికి వచ్చింది. మంచి మనిషే, కానీ గడియారం దగ్గర మాత్రం తెగేసి చెప్పింది. “దీన్ని నమ్ముకుంటే నా పిల్లలు రేపటి స్కూలు బస్సుకి అందుతారు నాన్నా. సరిచేస్తే పెట్టుకుంటాను, లేకపోతే ఆగిపోనీ.”

వంటింట్లో ఆయన పక్కన కూర్చుని, అప్పుడు చెప్పాను. తాతగారి టైము కూడా ఈ ఊరిది కాదు, ఇక్కడి సూర్యుడు దానికి ఇంకో పది పదకొండు నిమిషాలు వెనక, డబ్లిన్ టైము ఈ పక్కకి రైలుతోనూ చట్టంతోనూ వచ్చిందే అని. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది.

ఆయన ఆ ముల్లుని చూసి, మెల్లగా నవ్వాడు. “అంటే లండన్ డబ్లిన్‌కి చేసిన పని, డబ్లిన్ మాకు ముందే చేసిందన్నమాట. మా తాత రైల్వేవాడు, ఆయనకి తెలియదంటావా? తిరుగుబాటు వారం రోజుల్లో అణిగి అంతా పోయాక, తన చేతికి అందేది ఈ ముల్లొక్కటే మిగిలింది.” తరవాత కీ తీసి నా చేతిలో పెట్టాడు. “దీని తేడా ఎంతో, ఎందుకో తెలిసినవాడివి నువ్వే. తెలియనివాళ్లు దిద్దేస్తారు. తీసుకెళ్లు.”

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లుగా ఊళ్లో కొలతలన్నీ సరిచేస్తూ, ఇంట్లో ఈ ఒక్క తేడానీ జాగ్రత్తగా కాపాడుకొస్తున్నాను. వాటర్‌ఫోర్డ్ కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి సెలవులకి వచ్చింది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషే. ఆ ఆదివారం పన్నెండింటికి గంటలు మోగుతుంటే, నేను లేచేలోపే ప్రెస్ అని తను పిలిచే అలమరా పక్కనున్న స్టూలు లాక్కుని ఎక్కింది. ముప్పై ఏడు మీదున్న ముల్లుని రెండు గీతలు వెనక్కి జరిపి, “నాన్నా, ఇట్ వాజ్ టూ మినిట్స్ ఫాస్ట్” అంది.

ఒకప్పుడు టైము కోసం రాజ్యాలు చట్టాలు చేశాయి, మనుషులు ఇంట్లో కూర్చుని ఎదురు తిరిగారు. ఇప్పుడది ఎక్కడినుంచో వచ్చి నిద్రలోనే మన జేబులో సర్దుకుంటోంది, ఎవరి టైమని అడిగే పని లేకుండా పోయింది. అందుకే కాబోలు, స్టూలు దిగుతున్న ఆ పిల్లని చూస్తే, ఆ మాట వినడానికి పెద్దాయన ఉంటే బాగుండేదనిపించింది.