చివరి రెండంకెలు

నిరుడు జూలై మొదటి సోమవారం, భాల్కి నుంచి బీదర్ వచ్చే బస్సులో పాత అమెరికన్ నవల ఒకటి చదువుతున్నాను. పక్కసీటు రైతు కిటికీలోంచి ప్రతి లారీ నంబరూ చూస్తున్నాడు.

"కథేందమ్మా?" అన్నాడు.

"తనను కుంటివాణ్ని చేసిన తిమింగలం మీద పగబట్టి, ఒక కెప్టెన్ సముద్రమంతా వెతుకుతాడు."

"నేను గూడ ఎతుకుతున్న. నా కొడుకును గుద్దిన లారీ ఆగకుండ పోయింది. నంబరుల ఆఖరి రెండంకెలే కనబడ్డయి, నాలుగు, ఒకటి. నేనిట్ల తిరుగుతుంటె దున్నేటోడు లేక చేను పడావు పడ్డదని ఇంట్ల ఆమె ఏడుస్తది. తిమింగలం దొరికిందా?"

"దొరికింది. కానీ కెప్టెన్‌తోపాటు ఓడలోవాళ్లూ మునిగిపోయారు, నాయనా."

"దొరికింది గద," అన్నాడు.

జనవాడ దగ్గర ఆగి ఉన్న లారీలు చూసి దిగిపోయాడు.

ఇప్పటికీ లారీ ఎదురైతే నా కళ్లు ముందు చివరి రెండంకెల మీదికే పోతాయి.