ఆయనది కాని తప్పు

ముందుగా పాఠకులు నన్ను మన్నించాలి. నా తెలుగు రాత్రి బడిలో నేర్చినది. పగలంతా మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెలు మోసి, ముప్పై దాటిన వయసులో పట్టా పుచ్చుకున్నవాడిని. ఇంతకన్నా మంచి భాషకు అర్హులైన మా పెద్దాయన గడచిన మంగళవారం పుంగనూరులో కన్నుమూశారు. నడుము పట్టుకుని వచ్చినవారిని చేతులతో సరిచేసి పంపడమే ఆయన జీవితం.

తొంభైలలో నన్ను కూడా లారీలో పడుకోబెట్టి ఆయన వాకిటికి తెచ్చారు. పెట్టె కోసం వంగినవాడిని మళ్ళీ లేవలేకపోయాను. ఆయన అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని, నన్ను పక్కకు తిప్పి, "మీ ఆవు పూటకెన్ని లీటర్లు ఇస్తాదప్పా?" అని అడిగారు. నేను చెబుతుండగానే భుజాన్ని అటూ తుంటిని ఇటూ నొక్కారు. టక్కుమంది.

"ఎముక సోటుకొచ్చిందా పెద్దాయనా?" అన్నాను.

"యాడికన్నా పోయింటే గదా వచ్చేది? వేలు విరిస్తే గూడా టక్కంటాది. వేలు ఊడి కింద పడిందా?"

వాకిట్లో అందరూ నవ్వారు. తరువాత ఆదివారాలు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. "నొప్పికి బెదిరి కండ బిగుసుకుంటాది. బిగిసేకొద్దీ ఇంకా నొప్పి. నేను కీలును రవ్వంత కదిలిస్తా. ఇంక వదలమని నరం కండకి చెప్తాది. సగం మందికి ఊరకున్నా తగ్గేదే, పేరు మాత్రం నాకొస్తాది" అనేవారు. ఆ మాటలు నా పట్టాకు చిన్నతనంగా తోచేవి. ఎముకలు సర్దేవాడినని చెప్పుకోవడమే నాకు ఇష్టం.

ఎవరినైనా తాకే ముందు ఆయన మడమల మీద నడిపించేవారు. కాలి బొటనవేలు పైకెత్తమనేవారు. ఎత్తలేనివారి మీద చెయ్యి వేసేవారు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తరువాత నా భార్యకు నడుము నొప్పి కాలిలోకి దిగింది. పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, ఆమె బొటనవేలు సరిగా లేవలేదు. ఆయన నన్ను దూరంగా పిలిచి, "తాకొద్దప్పా. నరం నలుగుతాండాది. ఈ పొద్దే కుప్పం ఆస్పత్రికి పిల్చకపో" అన్నారు.

పదిమందికి సరిచేసిన నా చేతులు సొంత ఇంట్లో పనికిరావా అని రోషం వచ్చింది. ఇంటికి వెళ్ళి, "పెద్దాయన నన్నే చెయ్యమన్నాడు" అని ఆమెతో అబద్ధం చెప్పాను. ఆమె నమ్మి పడుకుంది. నొక్కాను.

మూడవ నాటికి ఆమె ఎడమ పాదం వాలిపోయింది. కుప్పంలో ఆపరేషన్ జరిగింది. నొక్కడం వల్లనా, ఎలాగూ వచ్చేదా అన్నది తాను చెప్పలేనని డాక్టరు అన్నారు.

పెద్దాయన బస్సెక్కి చూడటానికి వచ్చారు. నా భార్య మంచం మీది నుండే అడిగింది: "ఏం పెద్దాయనా, ఈయన్ని చెయ్యమని మీరే చెప్పినారంట గదా?"

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు తిరిగాను.

"అవునమ్మా, నేనే చెప్పినా. తప్పయిపాయె. ఈ ముసలోన్ని తిట్టుకో."

ఆమె తిట్టింది. తల వంచుకుని అన్నీ విన్నారు. తెచ్చిన బత్తాయిలు మంచం కింద పెట్టి వెళ్ళిపోయారు. ఆపై మా ఇంట ఆయన పేరు ఎత్తడానికి లేదు. నేను దొంగచాటుగా వెళ్ళేవాడిని. నిజం చెప్పేస్తానని ఒకసారి అంటే, "కాపరం సెయ్యాల్సింది నువ్వు. నాదేముండాది?" అన్నారు. ఆ మాట చాటున ఇన్నేళ్ళు దాగాను. మొన్న అంత్యక్రియలకు కూడా నా భార్య రాలేదు. ఎలా వస్తుంది?

ఇది చదివినవారు ముందు పుంగనూరులో ఆయన పిల్లలకు ఇవ్వండి. అటుపై పలమనేరులో ఉన్న మా అమ్మాయికి చేర్చండి. అమ్మా, మీ అమ్మకు చదువు రాదు. పక్కన కూర్చుని, మొదటి నుండి నిదానంగా చదివి వినిపించు. నేను గదిలోనే, ఆమెకు ఎదురుగా నిలబడి ఉంటాను. మధ్యలో నేనే ఆపమన్నా ఆపవద్దు.