పూర్వపక్షం భీమశంకరం

భీమశంకరానికి లోకంలో శత్రువులు లేరు. ఉండే వీలు లేదు. శత్రువు తరఫున కూడా ఆయనే మాట్లాడేసేవాడు.

గోదావరి వైపు నుంచి వచ్చి, పటాన్‌చెరు దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో కుదురుకున్నాడాయన. ఆదివారాలు క్వార్టర్ల క్లబ్బు గదిలో దర్శన చరిత్ర పరిషత్తు కూడేది. ఏ కాలంలో ఏ తత్త్వవేత్త ఏమన్నాడో వరసగా చెప్పుకునేవారు. దీన్ని మొదలుపెట్టింది ఇద్దరు. ఒకరు పటేల్‌గూడ బడిపంతులు వెంకటేశం. రెండోవాడు ఆంధ్ర నుంచే వచ్చిన ఫ్యాక్టరీ స్టోర్సు ఆఫీసరు రాజారావు. పొలం గట్టున పడి ఉన్న ఒక జైన విగ్రహాన్ని వెంకటేశం చూపించడం, అది ఏ శతాబ్దానిదో అని ఇద్దరూ పొద్దుగూకేదాకా వాదించుకోవడం, అలా పుట్టింది పరిషత్తు. కార్యదర్శి రాజారావు.

ఆ రాజారావు ప్రాణానికి భీమశంకరం దాపురించాడు.

పాతకాలపు పండితులు తమ సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదాన్ని చెప్పేవారు. దాన్ని పూర్వపక్షం అంటారు. ఆ తర్వాత దాన్ని చిత్తుగా ఖండించేవారు. పరిషత్తులోనూ అదే ఆనవాయితీ. భీమశంకరం మాత్రం మొదటి సగం దగ్గరే ఆగిపోయేవాడు.

చార్వాకుల్ని ఖండిస్తూ రాజారావు ఒకసారి పెద్ద వ్యాసం తయారుచేశాడు. పూర్వపక్షానికి భీమశంకరం లేచాడు.

"పాపం, వాళ్ళ పుస్తకాలు ఒక్కటీ మనకు మిగల్లేదండీ. వాళ్ళని తిట్టినవాళ్ళు రాసిపెట్టిందే మనకు దిక్కు. మన గురించి మన పక్కింటివాణ్ణి మాత్రమే అడిగి రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!"

అక్కడ మొదలెట్టి, ఉన్నన్నాళ్ళూ హాయిగా తినడంలో తప్పేముందన్నదాకా వచ్చాడు. రాజారావు వ్యాసం విప్పేసరికి సభలో సగం మంది చార్వాకులైపోయారు. ఆ పూట క్లబ్బులో మిరపకాయ బజ్జీలు ఎన్నడూ లేనంతగా అమ్ముడుపోయాయి.

అంగడిలోనూ ఇదే వరస. మొగులమ్మ బెండకాయల ధర చెప్పగానే, "ఇది తక్కువే. ఎండలో నడిచొచ్చావు, రాత్రి వాన పడితే తోట పోతుంది, సగం ముదిరిపోతాయి..." అని ఆమె తరఫున అందుకునేవాడు.

"అయ్యా, గన్ని కష్టాలు నాకు గూడ యాదికి లెవ్వు. జల్దీ తీస్కపో, ఇంకో గుప్పెడు ఏస్త," అనేదామె.

ఇంట్లో భార్య నాగరత్నం తగువు పెట్టుకోబోతే, "అలా కాదు, నీ వాదం ఇంకా గట్టిగా ఉంది. పోయిన దసరాకి నేను చేసిన నిర్వాకం మర్చిపోయావు," అని అందించేవాడు.

"అన్నయ్యగారూ, కాపురంలో పోట్లాడుకునే సుఖం కూడా నాకు రాసిపెట్టి లేదు," అని రాజారావుతో మొరపెట్టుకుందావిడ.

ఇంతలో అరవై తొమ్మిది వచ్చింది. మా ఉద్యోగాలు మాకే కావాలని తెలంగాణ అంతా కదిలింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బస్టాండులో ఎవరో రాజారావును చూసి, "మీ ఊరికి మీరు పోండ్రి!" అని అరిచారు. పక్కనే ఉన్న అతని కూతురు బిక్కచచ్చిపోయింది. ఆ వారం నుంచే వెంకటేశం పరిషత్తుకు రావడం మానేశాడు.

రాజారావుకు భయం, భయం వెనక కోపం. వార్షిక సభ దగ్గర పడింది. ఈసారి క్వార్టర్లవాళ్ళం మాత్రమే జరుపుకుందామని, వెంకటేశం పేరు తీసేద్దామని సభలో ప్రతిపాదించాడు. చాలామంది తలలూపారు.

ఆనవాయితీ ప్రకారం భీమశంకరం లేచాడు.

"నా పేరు వెంకటేశం," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఈ ఫ్యాక్టరీ గోడ లోపల ఉన్నది మా నాయన దున్నిన నేల. పనులొస్తాయంటే ఇచ్చాం. మా తమ్ముడు ఎన్నిసార్లు గేటుదాకా వచ్చినా లోపలికి పిలవలేదు. అది రాజారావు చేసిన తప్పని నేననలేదు. ఆయన క్వార్టరు గృహప్రవేశానికి తోరణాలు కట్టింది నేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియక రాలేదు. మీలో ఒక్కరైనా వచ్చి పిలుస్తారేమోనని చూశాను."

రాజారావు చేతిలోని ప్రతిపాదన కాగితం మడిచాడు.

"సరే, ఇక సిద్ధాంతం చెప్పండి," అన్నాడు రాజారావు.

"నాకెప్పుడు తెలుసండీ సిద్ధాంతం? ఇది కూడా సగం ఊహించి చెప్పాను. తప్పులుంటే ఆయన్నే అడగాలి," అని కూర్చున్నాడు భీమశంకరం.

ప్రతిపాదనను పక్కన పెట్టి రాజారావు సైకిలు తీశాడు. భీమశంకరం కూడా అతని వెంట బయల్దేరాడు. పటేల్‌గూడలో వెంకటేశం ఇంట్లో కుర్రాళ్ళు గుంపుగా చేరి ఉన్నారు. ఇద్దరూ గోడ పక్కన ఆగిపోయారు. లోపల వెంకటేశం గొంతు.

"జెర ఆగుండ్రి. ఆళ్ళు గూడ పిలిస్తెనే వచ్చిన్రు. కన్నోళ్ళను ఇడిసి, తెల్వని ఊర్ల బతుకుతున్రు. పోరగాండ్లు ఈడనే పుట్టిన్రు. పొమ్మంటె ఏడికి పోతరు?"

"ఏంది సారూ, నువ్వెవరి దిక్కు?"

"నేను మన దిక్కే. గని ఆళ్ళు ఈడ లేరు గద! లేనోళ్ళ మాట ఎవలన్న ఒకలు సెప్పాలె."

రాజారావు హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ భీమశంకరం తన వ్యాసాలు పాడుచేస్తున్నాడనుకున్నాడే తప్ప, ఆ మనిషి సభలో లేనివాళ్ళ కోసం కుర్చీ వేస్తున్నాడని తోచలేదు.

ఈలోగా భీమశంకరం ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"తప్పు వెంకటేశం గారూ! మా పక్షం అంత గట్టిది కాదు. మీవాళ్ళ వాదం మీరు సరిగ్గా చెప్పడం లేదు. నేను చెబుతా, ఉండండి!"

కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆంధ్రా ఆయన తెలంగాణ వైపు, పటేల్‌గూడ పంతులు ఆంధ్రా వైపు, ఇద్దరూ చేతులు ఊపుకుంటూ వాదించుకుంటున్నారు. ముందు ఒకడు ఫక్కున నవ్వాడు. తర్వాత అందరూ.

వెంకటేశం తల్లి ముత్యమ్మ గుమ్మంలోకి వచ్చి, బయట నిలబడ్డ రాజారావును చూసింది.

"నువ్వు గాడనే ఉన్నవేంది బిడ్డా? లోపటికి రా. సల్ల తాగి నువ్వు గూడ కొట్లాడు."

ఆ ఏడు వార్షిక సభ పటేల్‌గూడ బడిలో జరిగింది. అందరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా ఏకాభిప్రాయానికీ రాలేదు. అయినా వెంకటేశం, రాజారావు ఒకే చాప మీద కూర్చుని మళ్ళీ ఆ జైన విగ్రహం శతాబ్దం గురించి పోట్లాడుకున్నారు.

సభ ముగిశాక చాపలు చుడుతూ రాజారావు అడిగాడు: "భీమశంకరం గారూ, నిజం చెప్పండి. మీకంటూ సొంత పక్షం ఒక్కటైనా ఉందా?"

ఆయన చేతిలోని చాప కింద పెట్టాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒకటుందండీ. మా నాగరత్నం పెట్టే కాకరకాయ పులుసు అస్సలు బాగోదు."

"అమ్మయ్య!" అన్నాడు రాజారావు.

రెండు చాపలు చుట్టాక భీమశంకరం మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"అయితే, కాకరకాయ వైపు నుంచి చూస్తే..."