ప్లైవుడ్ మీద ఆసుపత్రి

మా అమ్మ ఉద్యోగమంతా నర్సుగా చేసిన మిషన్ ఆసుపత్రికి ఒక్క నగిషీ లేదు. అన్నీ తిన్నని గీతలు, బోడి సిమెంటు. వరండా పొడవునా ఏటవాలుగా నిలిపిన సిమెంటు రెక్కలు ఎండని ఆపి గాలిని మాత్రం వదిలేవి. దాన్ని కొట్టేసి అద్దాల మేడ కడతారని తెలిసి నాకు ఒళ్లు మండింది. ఆపడం నా తరమా? చేతనైంది బొమ్మ వేయడమే.

మూడు పెద్ద ప్లైవుడ్ చెక్కల మీద సిమెంటు, బ్యాండేజీ గుడ్డ, పాత ఎక్స్‌రే ఫిల్ములు, నౌపడ ఉప్పు చల్లి తుప్పు పట్టించిన రేకు ముక్కలు అంటించాను. మనుషులు లేరు, తలుపులు లేవు. గీతలు, నీడలు, అంతే. ఎవరు మెచ్చినా మెచ్చకపోయినా అమ్మ ఒక్కతీ దాన్ని గుర్తుపట్టాలని నా ఆశ.

అమ్మ వచ్చి కాసేపు నిలబడి చూసింది. "బాగానే ఉన్నాదే," అంది. బతికే ఆశ లేని రోగి బంధువులతో మాట్లాడే గొంతు అది. నాకు తెలియదా? నేను మూతి ముడుచుకుని తిరిగితే, ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు చేపల పులుసు వండిపెట్టింది.

ఆ ఏడాది తుఫాను వెలిసిన ఉదయం అమ్మ గుండె ఆగిపోయింది. ఊరంతా జీడిమామిళ్లు, కొబ్బరిచెట్లు కూలి ఉన్నాయి, పలకలు కోసే మిల్లుకి కరెంటు లేదు. టౌను నుంచి శవపేటిక తెద్దామంటే రోడ్లు లేవు. ఐసు లేదు, సాయంత్రంలోగా మట్టి చేయాలి. చర్చి పెద్ద అయిన మా బావ నా బొమ్మ వంక చూసి, అడగలేక తల దించుకున్నాడు. పెట్టె చేయడానికి నేనే గోడ మీంచి దింపించాను.

పడిన చెట్లు దాటుకుంటూ మోయాలి, సిమెంటు బరువు. ఉలి తీసుకుని రెండు చెక్కలు నేనే గీకేశాను. మూతకి ఉంచిన మూడోదాని మీద ఉలి పెడితే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాల్లే, ఇది మోసెగలం. బొమ్మ లోపలకి పెట్టమంతావా, బయటకా?"

లోపలికే అన్నాను. చివరి ప్రార్థనకి అందరూ కళ్లు మూసుకున్నారు. నావల్ల కాలేదు. మూత దిగుతోంది. అమ్మ ముఖానికి జానెడు ఎత్తులో నా వరండా. ఇప్పుడైనా చూడవే అమ్మా, అని అరవాలనిపించింది.

ఆ కళ్లు పొద్దున్న నా చేత్తోనే మూశాను.