చీటీ మీద పదకొండు

ఆసుపత్రి మందుల గదిలో అతన్ని అందరూ ‘త్రాసు’ అనేవారు. మందు తూచేటప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాడు. నలభై ఎనిమిదో ఏట పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, పిల్లల వార్డు కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. వార్డులోని పాత తూకం మిషన్ పౌండ్లలో చూపేది. నర్సు చీటీ మీద అంకె మాత్రమే రాసి పంపేది. ప్రోగ్రాం దాన్ని 0.4536తో గుణించి కిలోలు చేసి, కిలోకు ఇన్ని మిల్లీగ్రాముల చొప్పున మోతాదు చెప్పేది. నాలుగేళ్లలో ఒక్క తప్పు రాలేదు.

“అన్నయ్యా, ఇది సంబంధాలు కూడా చూస్తుందా?” అని నర్సు ఆటపట్టించేది.

“పెళ్లికొడుకు బరువు పంపమ్మా, చూస్తుంది.”

ఒక శుక్రవారం వార్డుకు కిలోల్లో చూపే కొత్త మిషన్ వచ్చింది. ఆ సంగతి తెలిపే కాగితం మీద అతను సంతకం పెట్టి, సోమవారం ప్రోగ్రాం మారుద్దామని సొరుగులో పడేశాడు. శనివారం చీటీ వచ్చింది: 11. పదకొండు కిలోల పాప లెక్కలో ఐదు కిలోలైంది. రెండు రోజులు సగం మందే అందింది. సోమవారం ఉదయం, అతను ప్రోగ్రాం తెరవకముందే, పాప కన్నుమూసింది.

విచారణకు ఆసుపత్రి నియమించిన ముగ్గురం కూర్చున్నాం. చీటీ మీద కిలోలని లేదు గనుక తప్పు నర్సు మెడకే చుట్టుకుంటోంది. కొత్త మిషన్ సంగతి తెలిపిన కాగితానికి నకలు లేదు. విచారణకు ముందురోజు అతని ఇంట్లో జరిగిన మాటలు తరువాత అతనే మాకు చెప్పాడు.

“బావా, కాగితం చించెయ్. పైథాన్ అంటే కొండచిలువ అనుకునే పెద్దలు వాళ్లు, వాళ్లకేం తెలుస్తుంది?” అన్నాడట బావమరిది.

“ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందిరా.”

“నీది పోతే మా అక్కేం తింటుంది?”

మర్నాడు అతను కాగితం తెచ్చి మా బల్ల మీద పెట్టాడు.

“అంకె ఒక్కటే రాయమని ఆవిడకు నేర్పింది నేనే. పౌండ్లా కిలోలా అని ఏనాడూ అడగలేదు.”

పూర్తి మోతాదు అందితే పాప బతికేదని డాక్టర్లు చెప్పలేకపోయారు. బతికేది కాదనీ చెప్పలేకపోయారు. రెండూ రాశాం. నర్సు తప్పు లేదని రాశాం. అతన్ని తొలగించాలనీ రాశాం. నిజం చెప్పినందుకు అతన్ని గౌరవించాను. నా సంతకం మాత్రం ఆపలేదు.

వెళ్లేముందు అతను ప్రోగ్రాంలో ఒక మార్పు చేశాడు. ఇప్పుడు మందుల గదిలో కొత్తాయన పదకొండు అని కొడితే, “పదకొండు ఏమిటి?” అని అడిగి ఆగిపోతుంది. ఆయన వార్డుకు ఫోన్ చేస్తాడు. నర్సు లేచి వెళ్లి, మిషన్ మళ్లీ చూసి వస్తుంది.