కృష్ణజింక నలుపు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. మా నాన్న సినిమావాళ్ళకు మేకప్ వేసేవారు. పక్కింటి అక్క సినిమాల్లో డాన్సులు చేసేది, సెలవులొస్తే మా పిల్లలందరిచేత నాటకాలు ఆడించేది. ఆ ఏడాది మునుల ఆశ్రమం కథేదో కట్టి, నాకు కృష్ణజింక వేషం ఇచ్చింది. కృష్ణుడు పెంచుకున్న జింక కాబోలనుకుని నేను నేలమీద నిలవలేదు.

ఎదురింటి అబ్బాయి నా సంబరమంతా నీరుగార్చాడు. “కృష్ణుడు లేడు, ఏం లేడు. కృష్ణ అంటే నలుపు. నల్లగున్నవని నీకు గా వేషమిచ్చింది” అన్నాడు. మా నానమ్మ “నలుపు నారాయణుడు మెచ్చు” అనేది గానీ, ఆ మాట తెల్లటి పిల్లలతో ఎవరూ అనరని నాకు అప్పటికే తెలుసు.

నాటకం రోజున నాన్న మేకప్ పెట్టె తెరిచి, హీరోయిన్లకు వేసే లేతరంగు మొహమంతా మెత్తుకున్నాను. మొహం ఒక రంగు, చెవులూ మెడా ఇంకో రంగు. చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. నేనిక ఆడనని అక్కావాళ్ళ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాను.

అక్క బతిమాలి గడియ తీయించింది. తిట్టలేదు. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, నా మొహం మీది రంగును మెల్లగా కరిగిస్తూ మాట్లాడింది.

“వాడు చెప్పింది నిజమేనే. కృష్ణ అంటే నలుపే. నల్లగున్నడనే దేవునికి గా పేరొచ్చింది. ముందుగాల నలుపు, తర్వాతనే దేవుడు.”

ఏడుపు ఆపి చూశాను.

“గా జింక పుట్టినప్పుడు గోధుమరంగే ఉంటది. మగది పెద్దగైనకొద్దీ నలుపెక్కుతది. ఆడదానికైతే గా రంగు రానే రాదు. దానికి ఏండ్లు పట్టే నలుపు నీకు పుట్టుకతోనే వచ్చె. ఇంకేం ఫికరే నీకు?”

నవ్వొచ్చేసింది. నూనె జిడ్డుతో నిగనిగలాడుతూ వెళ్ళి, కాళ్ళు నొప్పి పుట్టేదాకా గెంతాను.

ఆ బండల మీద ఇప్పుడు మేడలు లేచాయి. మొన్న జూబ్లీహిల్స్‌లో మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మేకప్ వేయడానికొచ్చిన అమ్మాయి నన్నూ కుర్చీలో కూర్చోబెట్టి, మొహమాటంగా, “మీది చామనఛాయ కదా ఆంటీ, రెండు షేడ్లు పెంచుదామా?” అంది.

“చామనఛాయ కాదమ్మా, నలుపే” అన్నాను. “కాస్త కొబ్బరినూనె ఉంటే ఇవ్వు, చాలు.”