తీసేసిన తుమ్మకొమ్మ

పదకొండేళ్లుగా ఒక మాట నా కడుపులో ఉంది. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇది పశ్చాత్తాపమో కాదో మాత్రం నాకే సరిగా తెలియదు.

మాది హనుమంతునిపాడు వైపు. గొర్రెలే మా బతుకు. ఎండలు ముదరగానే బంధువులం నాలుగిళ్ల గొర్రెలనూ కలిపి నల్లమల వారకు తోలుకుపోతాం. ఏ గొర్రె ఎవరిదో చెవి కోత చూసి చెబుతాం. మా ఇంటి గుర్తు ఎడమ చెవి కొన కోయడం. ఒక ఏడాది మా అక్క మొగుడు నా గొర్రెల్లో ఒక పిల్లను పట్టుకున్నాడు. అది తనదనీ, నేను చెవి కోసి కలుపుకున్నాననీ నలుగురిలో అన్నాడు. పిల్ల అతనిదే. కానీ ఆ చెవి నేను కోయలేదు, కుక్క కొరికింది. ఎంత చెప్పినా వినలేదు. గొడవ పెరగకూడదని మా నాయన తలగుడ్డ తీసి అల్లుడి కాళ్ల ముందు పెట్టాడు. బావ దాన్ని తీసి ఇవ్వనైనా ఇవ్వలేదు. నాయన మళ్లీ మందతో రాలేదు. రెండేళ్లకు పోయాడు. ఆ దినాల్లోనే అనుకున్నాను, ఇతనికి ఏడుపంటే ఏమిటో చూపించాలని.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో గిద్దలూరు వైపు పోతున్నాం. గొడవైనప్పటి నుంచి మా రెండు మందలూ విడిగానే తోలుతున్నాం. ముందు నా గొర్రెలు, చాలా వెనకగా బావవి. దారి పక్కన కోసిన జొన్నచేలో పిలకలు వచ్చి, నీళ్లు లేక వాడి ఉన్నాయి. వాటిని మేస్తే గొర్రెకు నాము అనే విషం తగులుతుంది, కాసేపట్లో చస్తుంది. అలాంటి చేను కనబడితే ముందు పోయేవాడు దారికి అడ్డంగా కొమ్మ వేయాలి. వెనక వచ్చేవాడితో మాటల్లేకపోయినా వేయాలి. కొమ్మ లేదంటే మేపుకోవచ్చనే లెక్క. నేనూ అలవాటు కొద్దీ తుమ్మకొమ్మ నరికి వేశాను. పది అడుగులు పోయాక నాయన తలగుడ్డ గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, కొమ్మ తీసి కంపలో పారేశాను.

ముప్పైకి పైగా చచ్చాయి. కేకలు విని నేను పోయేసరికి బావ ఒక్కో గొర్రె నోట్లో బెల్లం నీళ్లు పోస్తున్నాడు. మీతో అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. తర్వాత అక్కను చూశాను. చచ్చిన సూడిగొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ గొర్రెలు అక్కవి కూడా కదా? ఆ సంగతి నాకు తట్టలేదా, తట్టినా పట్టించుకోలేదా?

"కొమ్మ ఏయలేదేందిరా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"ఏసినాను బావా. ఎవురో తీసేసినారు."

"నువ్వు ఏసినానంటే ఏసినట్టేలే. నీ మాట నమ్మకపోతే ఇంకెవుర్ని నమ్మేది?"

నిజం చెప్పిననాడు దొంగనన్న మనిషి, అబద్ధాన్ని ఒక్క మాటకే నమ్మాడు. సిగ్గు రావాలి కదా? నాకు ఇంకా మండింది. ఈ నమ్మకం నాయన బతికున్నప్పుడు ఏమైంది?

మాలో ఎవరి మంద పోయినా బంధువులు తలా రెండు గొర్రెలిచ్చి నిలబెడతారు. నేను నాలుగిచ్చాను. అక్క నా చేతులు పట్టుకుని, నాయన ఉన్నా ఇట్లనే చేసేవాడని ఏడ్చింది.

నాయన అయితే కొమ్మ తీసేవాడు కాదు.

బావ మీద కోపం ఇప్పటికీ పోలేదు. అతన్ని క్షమించను. నన్ను క్షమించమని ఎవరినీ అడగను. అక్కకు చెప్పే ధైర్యం లేక మీకు చెప్పాను. ఈ పూట అన్నం సహిస్తుందేమో.